పెరటాసిలో పట్టిన కొరమీను

మా ఆయన చక్రధర్‌కు ప్రకృతి అంటే ప్రాణం. ఆయన లెక్కలో ప్రకృతి అంటే నీళ్ళుండాలి, నీళ్ళలో చేపలుండాలి, ఒడ్డున మూడు రాళ్ళ పొయ్యి దగ్గర నేనుండాలి. పెళ్ళయ్యాక కల్యాణీ డ్యాము చూశాం, ఆరణియారు చూశాం, తలకోన చూశాం. చూశాం అని ఆయన అంటాడు. నేను మాత్రం మూడు చోట్లా చూసింది నూనె కాగిందా లేదా అన్నదే.

తిరుపతిలో బీయెస్సీ జువాలజీ చదివినదాన్ని. మూడేళ్ళూ కప్పల్ని కోయించారు, బొద్దింకల్ని కోయించారు. కోసే పని పెళ్ళయ్యాక కూడా సాగింది కాబట్టి చదువు వృథా అయిందని అనలేను. అయితే ప్రాణమున్న జీవిని దాని మానాన వదిలేసి, దూరంగా కూర్చుని చూడాలని నాకొక ఆశ ఉండిపోయింది. మా తమ్ముడు మద్రాసు బర్మా బజారులో ఒక బైనాక్యులర్ కొని తెచ్చిచ్చాడు. చిత్తూరులో మిద్దె మీదికెక్కి నీళ్ళ ట్యాంకరు వీధి మలుపు తిరిగిందా లేదా చూసుకోవడానికి అది బాగా పనికొచ్చింది. పిట్టల వరకూ పోలేదు.

నాకు కావలసింది ఒక్క రోజు. ఏటి ఒడ్డున, చేతులు ఒడిలో పెట్టుకుని, ఎవరికీ ఏమీ వండకుండా, కళ్ళతో తప్ప వేరే పని లేకుండా గడిపే ఒక్క రోజు. ఈ మాట మా ఆయనతో సూటిగానే అన్నాను. "నిన్నెవరు వండమన్నారు? సేపల పులుసు ఒకటే గదా," అన్నాడు. సూటిగా చెబితే వచ్చే ఫలితం అది.

తొంభై ఎనిమిది అక్టోబరులో ఆయన స్నేహితుడు సుకుమార్ పలమనేరు నుంచి ఫోను చేశాడు. పలమనేరుకు అవతల, అడవి అంచున, కరిబండల వంక అని ఒక ఏరుందనీ, చుట్టూ నల్లటి బండలు గుట్టలు గుట్టలుగా ఉంటాయనీ, మడుగుల్లో చేపలు తోకలతో కొడుతున్నాయనీ చెప్పాడు. క్వారీలో పనిచేసే ఎవరో ఆ నల్ల బండలు ఒకప్పుడు భూమి లోపలి నుంచి నిప్పులా పొంగి వచ్చి చల్లారినవని అన్నారట. ఫోను పెట్టేసేసరికి మా ఆయన నోట అది అగ్నిపర్వతం అయిపోయింది.

"అగ్నిపర్వతం కింద లోయ బానూ. పిట్టలు గూడా ఉండాయంట, నీకోసమే," అన్నాడు. పిట్టలు నాకోసం, చేపలు తనకోసం, పొయ్యి అందరికోసం. నాకు అర్థమైంది.

ఇక్కడ మా చిత్తూరు వాళ్ళ చిక్కు ఒకటి చెప్పాలి. పండగలన్నీ మాకు తెలుగు పంచాంగం ప్రకారమే. పెరటాసి మాత్రం అరవ లెక్క. సెప్టెంబరు నడుమ మొదలై అక్టోబరు నడుమకు ముగుస్తుంది. అది ఏడుకొండలవాడి నెల. ఆ నెలంతా మా ఇంట్లో మాంసం, చేప, గుడ్డు ఏదీ గడప దాటి లోపలికి రాదు. అందులో శనివారాలైతే మరీ నిష్ఠ. ఒక శనివారం తళిగ వేస్తాం, అంటే చక్కెర పొంగలీ, వడలూ, అన్నమూ ఆకు నిండా స్వామి ముందు పోసి, గోవిందా అని అరిచి, వీధంతా పంచడం. నెలంతా పాటించేది మా అత్త ఆదిలక్ష్మమ్మ. నెలంతా గుర్తుపెట్టుకునేది నేను. మా ఆయన చేసేది తళిగ నాడు గోవిందా అనడం.

మామూలుగా పెరటాసి ముగిసే వేళకు దసరా వస్తుంది. మా ఆయన పెరటాసికి సరిహద్దు రాయి దసరా. దసరా అయిందంటే కోడి కోయవచ్చు. ఆ ఏడు దసరా తొందరపడి అక్టోబరు ఒకటికే వచ్చేసింది. మూడో శనివారం తళిగ కూడా వేసేశాం. ఇంక స్వామికీ తనకూ లెక్క తీరిపోయిందని ఆయన నిశ్చయించుకున్నాడు. ఆదివారం కోడి ఎందుకు రాలేదని మాత్రం అడిగాడు. అత్తకు నడుము నొప్పిగా ఉందన్నాను. అది నిజమే. పదేళ్ళుగా ఉంది.

"రెండో శనివారం మాకు సెలవు. పోదామా?" అని అడిగాడు.

"మీ ఇష్టం," అన్నాను.

ఆయన అడిగింది పోదామా అని. పెరటాసి ఇంకా ఉందా అని అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాసే అలవాటు కాలేజీలో కూడా నాకు లేదు.

అత్త దగ్గరికి వెళ్ళి, "పిట్టలు చూసేకి పోతా ఉండాం అత్తా, మీరూ రాండి," అన్నాను.

"పిట్టల్ని సూసేకి పలమనేరు దాకా పోవల్నా? మన మిద్దె మీద కాకులు లేవా?"

"ఆడ అగ్గి కొండ గూడా ఉండాదంట."

"అగ్గి కొండనా? అయితే ఈడు నిన్ను పొయ్యి ముట్టించే పని లేకుండా ఆడికే పిలుసుకుపోతా ఉండాడు." అత్త నడుము నిమురుకుంది. "పలమనేరులో చల్లగా ఉంటాదిలే. వస్తాను. పులిహోర కలుపుకుందాం, పెరుగన్నం కట్టుకుందాం."

ఆమె వస్తోందంటే మా ఆయన కూడా సంతోషించాడు. ఒకరికి ఇద్దరు వంటవాళ్ళు. పులిహోర డబ్బా చూసి మటుకు, "ఇది ఎందుకు ఇప్పుడు?" అన్నాడు. "ఉండనీండి," అన్నాను.

పొద్దున్నే బస్సులో పలమనేరు చేరాం. సుకుమార్ తన మారుతీ వాన్‌తో బస్టాండులో నిలబడి ఉన్నాడు. మంచివాడు. చర్చిలో పాటలు పాడతాడు. పెద్దవాళ్ళు ఏమన్నా అవునంటాడు. వెనక సీటు కింద చాపలో చుట్టిన పొడుగాటి కట్ట ఒకటుంది.

"ఏంది నాయనా అది? కర్రలా?" అంది అత్త.

"కర్రలేనమ్మా."

"ఎండకు గుడ్డ కట్టేకా? మంచి పని సేసినావు."

సుకుమార్ తన అలవాటు ప్రకారం తలూపాడు. నేను కిటికీ వైపు తిరిగి పట్టుపురుగుల షెడ్లు చూడసాగాను.

కరిబండల వంక నిజంగానే బాగుంది. తారు రోడ్డు వదిలి, టమోటా తోటల నడుమ బండిబాట పట్టి, అది కూడా అయిపోయాక కాస్త నడిస్తే, రెండు గుట్టల మధ్య లోతుగా ఏరు. గుట్టలు మట్టివి కావు. ఎవరో పేర్చి, మధ్యలో విసుగొచ్చి వదిలేసినట్టు నల్లని బండలు. వాటి సందుల్లోంచి మొన్నటి వానల నీళ్ళు ఇంకా జారుతున్నాయి. మనిషి అలికిడి లేదు. అత్త ఒక బండ మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"చల్లారిపోయినట్టుండాదే," అంది.

"అది చల్లారి లక్షల ఏండ్లయినాదమ్మా," అన్నాడు మా ఆయన, తానే దగ్గరుండి చల్లార్చినట్టు.

మగవాళ్ళిద్దరూ చాప కట్టతో మడుగు వైపు బండల చాటుకు దిగారు. బస్సు ప్రయాణం అత్తకు పడదు. కానుగ చెట్టు కింద దుప్పటి పరిస్తే, కొంగు మొహం మీద కప్పుకుని పడుకుంది. నేను కొంచెం ఎగువన ఒక బండకు వీపు ఆనించి కూర్చుని బైనాక్యులర్ తీశాను.

కూర్చున్నాను. అంతే చేశాను. నీటికాకి ఒకటి రెక్కలు రెండూ చాచి ఆరబెట్టుకుంటోంది, ఉతికిన చొక్కా దండెం మీద వేసినట్టు. నారాయణపక్షి ఒంటికాలి మీద నిలబడి ఏదో మరిచిపోయినట్టు మొహం పెట్టింది. బుడుబుంగ మునిగిన చోట తేలదు. ఈసారి ఎక్కడ తేలుతుందో అని నాతో నేనే పందెం వేసుకుని ఓడిపోతున్నాను. నా చేతులకు ఏం చేయాలో తోచక మాటిమాటికీ చీర కుచ్చిళ్ళు సర్దుతున్నాయి. పనిలేకపోవడం చేతులకు కూడా నేర్పాల్సిన విద్యే.

వాళ్ళకు చేప పడకపోతే నా రోజు నాకు దక్కినట్టే. పడితే మాత్రం ఈ శనివారం తన సత్తా చూపించాలి. మా ఆయన చేపలు పట్టే తీరు నాకు తెలుసు కాబట్టి మొదటిదే జరుగుతుందని ధైర్యంగా ఉన్నాను.

కింద నుంచి కేక వినపడింది.

"బానూ, పొయ్యి ముట్టించు. కొరమీను పడినాది."

కానుగ చెట్టు కింద కొంగు కదిలింది. అత్త లేచి కూర్చుంది.

"పొయ్యి ఎందుకురా? పులిహోర ఉండాది గదా," అంది నిద్ర గొంతుతో.

బండల మీంచి మా ఆయన తల పైకి వచ్చింది, తర్వాత చెయ్యి, చేతిలో మూరెడు కొరమీను. నల్లగా, నిగనిగలాడుతూ, ఇంకా తోక ఊపుతోంది. ఆయన మొహం దానికంటే నిగనిగలాడుతోంది. అత్త ఆ చేపను చూసింది, దాని వెనకే గాలం కర్రతో వస్తున్న సుకుమార్‌ను చూసింది. గుడ్డ కట్టేది ఆ కర్రలతో కాదని ఆమెకు తెలిసిపోయింది.

"ఒరే సక్రా. ఈ పొద్దు ఏం వారం?"

"శనివారమమ్మా."

"ఏం నెల?"

"అక్టోబరు."

"నేను అడిగింది ఆఫీసు నెల కాదు."

మా ఆయన చేప ఊపడం ఆపాడు. చేప మాత్రం ఆపలేదు.

"దసరా అయిపోయింది గదమ్మా. తళిగ గూడా ఏసినాము."

"దసరా అమ్మవారిది. పెరటాసి స్వామిది. ఆమె ముందుగా వచ్చి పోయిందని ఈయన గూడా లేసి పోతాడా? ఇంకా వారం ఉండాది. నాలుగో శనివారం పూట, నెత్తిన నామాలు పెట్టుకోవాల్సినోడివి, చేతిలో ఏంది అది?"

ఆయన నా వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"చెప్పలేదే."

"మీరు అగ్నిపర్వతం గురించి చెప్తా ఉంటిరి. నడుమ ఎందుకని ఊరుకున్నా."

సుకుమార్‌కు పాపం ఎటు తలూపాలో తోచలేదు. "నీళ్ళలో వదిలేద్దామా అమ్మా?" అన్నాడు.

"గాలం కడుపులోకి మింగినాది నాయనా, ఇంక బతకదు. పాపం ఎట్లాగూ అయిపోయింది, పులుసన్నా కానీ. నీకు పెరటాసి లేదు గదా?"

"లేదమ్మా."

"అయితే నువ్వు తిను. ఆకలిగొన్నోడివి."

మా ఆయన మొహంలో చిన్న ఆశ మెరిసింది. స్నేహితుడు తింటుంటే రుచి చూడమని ఒక ముక్క ఇవ్వకపోతాడా అన్న ఆశ అని నాకు తెలుసు. "అయితే బానూ, వాడికోసం..." అన్నాడు.

నేను రెండు చేతులూ ఎత్తి చూపించాను. "నేను ముట్టేకి లేదండీ. పెరటాసి."

"ముట్టేకి లేదు," అంది అత్త. "నేనూ ముట్టను. సుకుమారూ, నీకు వంట వచ్చునా?"

"ఇంట్లో అంతా రెబెకానే అమ్మా. నేను పాలు పొంగకుండా సూస్తాను, అంతే."

అందరం చేపను చూశాం. అది ఆఖరి సారి తోక కొట్టి ఊరుకుంది. అప్పుడు అత్త తీర్పు చెప్పింది. నేను ఎంత ఆలోచించినా నాకు తట్టని తీర్పు.

"సక్రా, నువ్వు పట్టినప్పుడే ముట్టినావు. ముట్టినోడు ఎట్లాగూ ముట్టినాడు. ఇంటికి పోయి తలకు పోసుకుంటే సరిపోతాది. సేప కడిగేది, కోసేది, పులుసు పెట్టేది నువ్వే. తినేది మాత్రం లేదు."

"అంటే వండేది నేను, తినేది వాడా?"

"ఇంట్లో మేం ఇన్నాళ్ళు ఎట్లా సేసినాం?"

ఈ మాటకు ఆయన దగ్గర జవాబు ఉండి ఉంటే అది వేరే ఇల్లు అయ్యుండేది.

పొయ్యి రాళ్ళు పేర్చడానికి కొంత సేపు పట్టింది. అగ్నిపర్వతం నిండా రాళ్ళే అయినా, సమానమైనవి మూడు దొరకలేదు. సుకుమార్ వాన్ దగ్గరికి పోయి గిన్నె, పులుసు సామాన్ల సంచీ తెచ్చాడు, పుల్లలు ఏరుకొచ్చాడు. అవి తడిసినవి. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఊదుతుంటే పొగ లోయంతా కమ్మింది. లక్షల ఏళ్ళ తర్వాత అక్కడ మళ్ళీ పొగ లేచింది.

నేను నా బండ దగ్గరికి వెళ్ళిపోయాను. అత్త కూడా పొగ పడక నా పక్కకు వచ్చి కూర్చుంది. కింద నుంచి మొదటి ప్రశ్న వచ్చింది.

"బానూ, పొలుసు ఎట్లా తీయాల?"

నేను వేలు పెదవుల మీద పెట్టుకుని, నీటికాకి వైపు చూపించాను. పిట్టల్ని చూసేటప్పుడు మాట్లాడకూడదు. ఇది నేను పెట్టిన నియమం కాదు, అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది.

"సింతపండు ఎంత నానబెట్టాల?"

మళ్ళీ వేలు పెట్టాను.

"ఏమండీ బానుశ్రీ గారూ, మిరప్పొడి ముందా, ధనియాల పొడి ముందా?"

ఈసారి ఆయన గొంతులో ఏడుపు కలిసింది. అత్త కదిలింది. కన్నతల్లి కదా. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి సగం లేచి, "మే బానూ," అంది మెల్లగా. "ముట్టేదానికి లేదు గానీ నోటితో సెప్పేకి మైల లేదు గదా. పోయి పక్కన నిలబడి సెప్పిరా. ఏలు గీలు కోసుకుంటాడు."

నేను భయపడింది దీనికే. పక్కన నిలబడి చెప్పడం అంటే ఏమిటో నాకు తెలుసు. మొదట నోటితో చెప్తాం. తర్వాత వేలితో చూపిస్తాం. తర్వాత, "తప్పుకోండి, మీ వల్ల కాదు," అంటాం. ఆ తర్వాత పెరటాసి లేదు, పిట్టలు లేవు. నేను పూర్తిగా లేవలేదు, కూర్చోనూ లేదు. మెడలోంచి బైనాక్యులర్ తీశాను.

"పోతాను అత్తా. అంతవరకూ మీరు ఇది పట్టుకోండి. ఆ ఎండు కొమ్మ మీద సూడండి."

కొమ్మ మీద నల్లవీ తెల్లవీ చుక్కలున్న లకుముకి పిట్ట వచ్చి వాలింది. అత్త అద్దాలు కళ్ళకు పెట్టుకుని, మొదట ఆకాశాన్ని, తర్వాత తన మోకాలును చూసి, చివరికి పిట్టను పట్టుకుంది. పిట్ట ఎగిరి మడుగు మీద గాలిలో అలాగే నిలబడి, రెక్కలు ఆడించి ఆడించి, రాయిలా దబ్బున నీళ్ళలో పడి లేచింది. ముక్కున వెండి ముక్కలాంటి చేపపిల్ల. కొమ్మ మీద కూర్చుని, దాన్ని రెండు సార్లు కొమ్మకేసి కొట్టి మింగింది.

"ఇది గూడా పెరటాసి పట్టదు," అంది అత్త. అద్దాలు దించలేదు. "మింగినాది సూడు. పులుసు లేదు, పొయ్యి లేదు, పెండ్లాం లేదు."

పిట్ట మళ్ళీ నీళ్ళ మీద నిలబడింది. అత్త నోరు కొంచెం తెరుచుకుని ఉండిపోయింది. నేను పోవాలా వద్దా అని అడగలేదు. ఆమె కూడా అనలేదు. కాసేపయ్యాక బైనాక్యులర్ మెల్లగా మడుగు మీంచి జరిగి, ఒడ్డు మీంచి జరిగి, పొయ్యి దగ్గర ఆగింది.

"అబ్బ, ఎంత బాగా కనపడతా ఉండాడు," అంది.

"ఎవరత్తా?"

"నీ మొగుడు. కన్నీళ్ళు కారతా ఉండాయి. ఉల్లిగడ్డ కోస్తా ఉండాడు." గొంతు తగ్గించి చెప్పసాగింది, రేడియోలో క్రికెట్టు చెప్పినట్టు. "సింతపండు పిసకతా ఉండాడు. గింజలతోనే పోసినాడు. సుకుమారు ఉప్పు ఇచ్చినాడు. ఏసినాడు. వాని నాయన బతికి ఉన్నన్నాళ్ళు మంచినీళ్ళ చెంబు గూడా తన చేత్తో ముంచుకోలేదు, తెలుసునా నీకు? ఆయన ఏటికి పోయినా, తోటకి పోయినా, వెనక నేను గంప ఎత్తుకొని పోవల్ల. ఇట్లాంటి అద్దాలుంటాయని గూడా నాకు ఎవరు సెప్పినారు?" అద్దాలు సర్దుకుంది. "మే, మళ్ళీ ఉప్పేస్తా ఉండాడు. మరిసిపోయినాడు, ముందు ఏసింది."

"చెప్పిరమ్మంటారా?"

అత్త అద్దాల వెనక నుంచే ఆలోచించింది. కింద నుంచి చెంచా గిన్నెకు తగిలే చప్పుడు వచ్చింది.

"కూర్చో," అంది. "గట్టిగా మాట్లాడితే పిట్ట లేసిపోతాది."

నేను కూర్చున్నాను. ఈసారి చేతులు ఒడిలో వాటంతటవే ఆగాయి.

మధ్యాహ్నం దాటాక భోజనాలు. మేం ముగ్గురం పులిహోర, సుకుమార్ పులుసు. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాక అతని కళ్ళు కొంచెం పెద్దవయ్యాయి. మా ఆయన ఎదురుగా కూర్చుని, మసి అంటిన మొహంతో, ఆ నోటి వైపే చూస్తున్నాడు.

"ఎట్లుండాది రా?"

సుకుమార్ చెంబెడు నీళ్ళు తాగాడు. "రెబెకా గూడా ఇట్లా సేయలేదు అబ్బా," అన్నాడు. దేవుడికి భయపడే మనిషి, అబద్ధం ఆడలేదు. మా ఆయన తన చేతిలోని పులిహోర ముద్దను దిగులుగా చూసుకుని, గర్వంగా మింగాడు.

ఎండ వాలేదాకా అక్కడే ఉన్నాం. మగవాళ్ళు అలసిపోయి కానుగ చెట్టు కింద నిద్రపోయారు. మేమిద్దరం వంతుల వారీగా పిట్టల్ని చూశాం. న్యాయంగా చెప్పాలంటే అత్త వంతు పొడుగ్గా ఉండింది.

తిరిగి పలమనేరు వస్తుంటే వాన్‌లో ముందు సీటులోంచి మా ఆయన మాట్లాడాడు. "ఈ తూరి తేదీ నేనే సూస్తాను. వారంలో పెరటాసి అయిపోతాది. వచ్చే నెల రెండో శనివారం వద్దాం."

"వద్దాం," అంది అత్త. "ఆ నెల కార్తీకం."

"అయితే ఏమమ్మా? మనమెప్పుడూ కార్తీకం పట్టలేదు గదా."

"ఈ ఏడు నుంచి పడతా ఉండాం."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అత్త మెడలో బైనాక్యులర్ వేలాడుతోంది. దాన్ని కొంగుతో తుడుచుకుంటోంది.

"దాని వెనక?" అన్నాడు నీరసంగా.

"దాని వెనక ధనుర్మాసం ఉండాది గదరా. నువ్వు గాలం మరిసిపోవద్దు. సుకుమారుకు ఏమీ అడ్డం లేదు, పిల్లోడు తింటాడు."

సుకుమార్ అలవాటు ప్రకారం తలూపి, వెంటనే సీసా తీసుకుని మళ్ళీ నీళ్ళు తాగాడు.

ఒక్క రోజు కావాలనుకున్నాను, ఏకంగా మూడు నెలలు చేతికొచ్చాయి. కాకపోతే ఒక సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. కొరమీను పులుసంటే నాకు నోరూరుతుంది. వండినన్నాళ్ళు అడుగున మిగిలిన ముక్క నాదే. ధనుర్మాసం వెళ్ళేదాకా ఇంక అది కూడా లేదు.

వాన్ వెనక, కడగని గిన్నెలోంచి పులుసు వాసన వస్తోంది. ఉప్పు సంగతి వాసనకు తెలియదు. వాసన పీలిస్తే వ్రతం చెడుతుందని అత్త ఇంతవరకూ తీర్పు చెప్పలేదు. ఆమె అటు తిరిగి తోటల మీది కొంగల్ని చూసుకుంటున్నప్పుడు, నా వైపు కిటికీ అద్దం చప్పుడు కాకుండా మూసేశాను.